ఉద్యోగం పోయిన తరువాత మిగిలినది
(లియోన్ బాటిస్టా అల్బెర్టి జీవిత విశేషాలు)

పెన్షనర్ల ప్రత్యేక సంచికలో ఆరు వందల సంవత్సరాల క్రితం ఇటలీ దేశంలో పుట్టిన మనిషి కథ ఎందుకని సభ్యులలో కొందరికైనా అనిపించవచ్చు. కారణం మనవి చేస్తాను. లియోన్ బాటిస్టా అల్బెర్టి పేరు చరిత్ర పుస్తకాలలో సాంస్కృతిక పునరుజ్జీవన యుగపు సంపూర్ణ మానవుడిగా కనిపిస్తుంది. నాటకం, గణితం, చిత్రకళ, భవన నిర్మాణం, వ్యాకరణం, గుప్తలిపి ఇన్నింటిలోనూ చెయ్యి తిరిగినవాడు. అటువంటి వాడు ఏ సంపన్నుల బిడ్డో, పని లేక తీరిక ఉన్న ఏ ఆస్థాన పండితుడో అయి ఉంటాడని అనుకుంటాము. కాని ఆయన 32 సంవత్సరాలు ఒక పెద్ద ఆఫీసులో డ్రాఫ్టులు రాసిన ఉద్యోగి. అరవయ్యో ఏట ఆ ఉద్యోగం పోయింది. ఆయన గొప్ప పనులలో కొన్ని ఆ తరువాత చేసినవే. నేను కూడా సర్వీసంతా నోటు ఫైళ్లు, డ్రాఫ్టులు, ఫెయిర్ కాపీల మధ్య గడిపిన వాడిని. అందుచేత ఆయనను తలచుకుంటే ఎవరో మహాపురుషుడిలా కాక, పక్క సెక్షన్‌లో పనిచేసిన పెద్దమనిషిలా అనిపిస్తాడు.

బాల్యం, చదువు

అల్బెర్టి 1404 ఫిబ్రవరిలో జెనోవా నగరంలో పుట్టాడు. వారిది ఫ్లోరెన్సులో పేరున్న వర్తక కుటుంబం. రాజకీయ కక్షలలో అవతలి పక్షానిది పైచేయి కావడంతో ఆ కుటుంబాన్ని ఊరి నుంచి వెళ్లగొట్టారు. అలా సొంత ఊరు కాని చోట, పైగా తల్లిదండ్రులకు వివాహం జరగకుండా పుట్టిన బిడ్డ ఆయన. తల్లి చిన్నతనంలోనే కన్నుమూసింది. తండ్రి లొరెంజో మాత్రం కొడుకులిద్దరినీ దగ్గర ఉంచుకుని, మంచి చదువు చెప్పించాడు.

అబ్బాయిని పడువా పట్టణంలో గాస్పరినో బార్జిజ్జా అనే పండితుని బడిలో చేర్చారు. ఆ కాలంలో ఇటలీలో విద్య గురించి కొత్త ఆలోచన ఒకటి బయలుదేరింది. అంతవరకు పై చదువంటే న్యాయవాదినో, వైద్యుడినో, మతాధికారినో తయారు చేసేదే. కొత్త గురువులు దానికి ముందు మనిషిని తయారు చేయాలన్నారు. ప్రాచీన రోమను గ్రంథాలు చదివించాలి, మాట్లాడటం రాయడం నేర్పాలి, చరిత్ర, నీతి తెలియాలి, శరీరం దృఢంగా ఉండాలి అన్నారు. ఇదే మార్గంలో విత్తోరినో ద ఫెల్త్రే అనే ఉపాధ్యాయుడు 1423లో మాంటువా పాలకుల ఇంట పాఠశాల పెట్టాడు. దానికి సంతోష గృహం అనే అర్థం వచ్చే పేరు ఉండేది. పాలకుల బిడ్డలతో పాటు పేదపిల్లలు కూడా అక్కడ చదివారు. గ్రీకు, లాటిను, గణితం, సంగీతంతో పాటు ఆటలు కూడా పాఠాలలో భాగమే. పాలకుల కుమార్తె చెచిలియా గొంజాగా ఆ బడిలోనే గ్రీకు భాష నేర్చుకున్నది.

మన అల్బెర్టికి ఈ కొత్త చదువు దొరికింది గాని నిశ్చింతగా చదువుకునే యోగం దొరకలేదు. 1421లో న్యాయశాస్త్రం చదవడానికి బొలోనా విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ ఏడే తండ్రి పోయాడు. ఆ తరువాత కొద్దికాలానికే బాధ్యత తీసుకున్న పినతండ్రి కూడా పోయాడు. రావలసిన సొమ్మును దాయాదులు ఇవ్వలేదు. దగ్గర డబ్బు లేదు, ఒంట్లో ఆరోగ్యం లేదు. ఆ స్థితిలో ఇరవై ఏళ్ల కుర్రవాడు లాటిను భాషలో ఒక హాస్యనాటకం రాశాడు. ప్రాచీన కాలపు లెపిడుస్ అనే కవి రచన అన్నట్టుగా అది చేతులు మారింది. పండితులు దాదాపు పదేళ్లు అదే నిజమని నమ్మారు. తరువాత తనదేనని ఆయన చెప్పినా, 1588లో కూడా అది పాత కవి రచనగానే అచ్చయింది!

జబ్బు నేర్పిన లెక్కలు

న్యాయశాస్త్రం అంటే కంఠస్థం. రాత్రింబవళ్లు వల్లెవేసి వల్లెవేసి ఆయన మంచాన పడ్డాడు. కళ్లు తిరిగేవి, చెవులు హోరెత్తేవి. అన్నిటికన్నా విచిత్రం, బాగా తెలిసిన స్నేహితుల పేర్లు కూడా గుర్తుకు వచ్చేవి కావు. అయితే కళ్లతో చూసిన వస్తువులు మాత్రం చెక్కు చెదరకుండా మనసులో నిలిచేవి. ఒకప్పుడు పూమొగ్గలలా మురిపించిన అక్షరాలు ఇప్పుడు పుస్తకంలో తేళ్ల గుంపులా కనిపించసాగాయట. వైద్యులు ఆ చదువు మానమన్నారు.

చదువరికి జ్ఞాపకశక్తి పోవడమంటే వడ్రంగికి చెయ్యి పోవడమే. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అల్బెర్టి తనలో ఏది పోయిందో, ఏది మిగిలిందో లెక్క చూసుకున్నాడు. పేర్లు పోయాయి, ఆకారాలు మిగిలాయి. కంఠస్థం అక్కరలేని విద్య ఏదని వెదికి, ఇరవై నాలుగో ఏట గణితం, ప్రకృతి శాస్త్రం పట్టుకున్నాడు. 1428 నాటికి న్యాయశాస్త్ర పట్టా కూడా సంపాదించాడు. కాని ఆయనకు లోకంలో పేరు తెచ్చినది పట్టా కాదు, జబ్బు మూలంగా నేర్చిన జ్యామితి.

ఈ వివరాలన్నీ సుమారు 1438లో వెలువడిన, రచయిత పేరు లేని ఒక చిన్న జీవిత చరిత్రలో ఉన్నాయి. అది అల్బెర్టి తన గురించి తానే రాసుకున్నదని నేటి పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. అందుచేత అందులోని కొన్ని గొప్పలను కొంచెం తగ్గించి చదువుకోవడం మంచిది. కాళ్లు జోడించి నిలబడి ఎదుటి మనిషి భుజాల మీదుగా దూకేవాడట. పెద్ద చర్చిలో నాణెం విసిరితే పైకప్పుకు తగిలి ఖంగుమనేదట. అవి అలా ఉంచితే, నాకు నచ్చిన విషయాలు వేరే ఉన్నాయి. ఆయనకు వెల్లుల్లి, తేనె చూస్తేనే వికారం. రోజూ చూస్తూ, తాకుతూ ఆ ఏవగింపును పోగొట్టుకున్నాడు. కమ్మరులు, పడవలు కట్టేవారు, చెప్పులు కుట్టేవారు ఎవరు కనిపించినా ఏమీ తెలియనివాడిలా పక్కన చేరి వారి పని రహస్యాలు అడిగి తెలుసుకునేవాడు. తాను వేసిన బొమ్మను చిన్నపిల్లలకు చూపించి ఎవరిదో పోల్చమనేవాడు. పిల్లలు పోల్చకపోతే ఆ బొమ్మ బాగాలేదని తానే తీర్పు చెప్పుకునేవాడు.

కొలువు

1432 ప్రాంతంలో రోములోని పోపు గారి కార్యాలయంలో ఆయనకు ఉద్యోగం దొరికింది. హోదా పేరు అబ్రివియేటర్. పని మనకు తెలియనిది కాదు. దేశదేశాల నుంచి వచ్చిన అర్జీలు చూసి, మంజూరైన విషయానికి నిర్ణీత పద్ధతిలో, నిర్ణీత పదజాలంతో ఉత్తర్వు చిత్తుప్రతి తయారు చేయాలి. దాన్ని లేఖకులు అందంగా ఎత్తి రాస్తారు. ఒక్క మాట అటూ ఇటూ అయినా ఉత్తర్వు చెల్లదు. వివాహేతర సంతానం కనుక చర్చి పదవులకు అనర్హుడనే నిబంధనను పోపు ప్రత్యేకంగా సడలించాడు. తరువాత ఫ్లోరెన్సు సమీపంలో ఒక చర్చి ఆదాయం కూడా ఆయనకు దక్కింది.

1434లో రోములో తిరుగుబాటు జరిగి పోపు ఫ్లోరెన్సుకు పారిపోవలసి వచ్చింది. ఆఫీసూ వెంట నడిచింది, ఉద్యోగులూ నడిచారు. అంటే అల్బెర్టి తన పూర్వీకుల ఊరు వెళ్లినది పరిపాలనా సౌలభ్యం మీద జరిగిన బదిలీలో అన్నమాట! అక్కడ బ్రూనెలెస్కి కడుతున్న మహాగోపురం పూర్తి కావస్తున్నది. చిత్రకారులు, శిల్పులు కొత్త దారులు తొక్కుతున్నారు. 1435లో అల్బెర్టి చిత్రకళ మీద లాటిను గ్రంథం రాశాడు. మరుసటి ఏడు దాన్నే ప్రజలు మాట్లాడే ఇటలీ భాషలోకి తెచ్చి బ్రూనెలెస్కికి అంకితం ఇచ్చాడు. బల్లపరుపు గోడ మీద లోతు ఎలా చూపాలి, దూరంగా ఉన్న వస్తువు ఎంత చిన్నదిగా కనిపిస్తుంది, చిత్రం ఒక తెరిచిన కిటికీ వంటిదనుకుంటే గీతలన్నీ ఏ బిందువు దగ్గర కలవాలి అనే లెక్క అందులో ఉన్నది. చిత్రకారుడికి, వస్తువుకు మధ్య దారాలతో గళ్లు అల్లిన పలుచని తెర కట్టి, గడి వెంట గడి బొమ్మ గీసే ఉపాయం కూడా చెప్పాడు. ఇవన్నీ ఆఫీసు పని మానేసి చేసినవి కావు.

కుటుంబం గురించి పుస్తకం

బంధువుల చేత మోసపోయిన ఈ మనిషే కుటుంబ జీవితం మీద పెద్ద గ్రంథం రాశాడు. మొదటి మూడు భాగాలు తొంభై రోజులలో ముగించాడంటారు. తండ్రి మరణశయ్య చుట్టూ చేరిన పెద్దలు మాట్లాడుకుంటున్నట్టుగా అది నడుస్తుంది. పిల్లవాడి మొగ్గు ఎటువైపు ఉన్నదో తండ్రి కనిపెట్టాలని అందులో పెద్దలు చెబుతారు. అక్షరాలతో పాటు లెక్కలు, జ్యామితి నేర్పాలంటారు. గుర్రపు స్వారీ, ఈత, బంతి ఆట ఉండాలంటారు. జన్నొత్సో అనే వృద్ధుడు మనిషికి నిజంగా తనవి అనదగినవి మూడే అంటాడు: ఆత్మ, శరీరం, కాలం. మిగిలినవన్నీ ఎవరో ఒకరు పట్టుకుపోగలరు. ఆస్తి పోగొట్టుకున్న రచయిత ఈ మాట ఊరికే రాయలేదు.

ఇంత చెప్పిన పుస్తకంలోనూ ఒక లోటు కనిపిస్తుంది. అదే జన్నొత్సో భార్యకు ఇంటి నిర్వహణ అంతా అప్పగిస్తాడు గాని, తన పుస్తకాలు, కాగితాలు ఉన్న గది తలుపు మాత్రం ఆమెకు తెరవడు. సంపూర్ణ మానవుడు అన్నప్పుడు ఆ కాలం ఎక్కువగా మగవాడినే, అందులోనూ ఉన్నింటివాడినే తలచుకుంది. ఆ రోజుల్లోనే చెచిలియా వంటి ఆడపిల్ల గ్రీకు చదివిందంటే లోటు ఆడవారి తెలివిలో లేదు, తాళం చెవి పట్టుకున్నవారిలో ఉన్నది. ఆ తాళాలు మన ఇళ్లలో మన కళ్ల ముందే ఊడాయి. మన తల్లులలో చాలామందికి సంతకం రాదు, మన మనవరాళ్లు ఇంజనీర్లు, డాక్టర్లు.

భాష విషయంలో కూడా ఆయన పట్టుదల గమనించదగినది. ప్రజల భాషకు వ్యాకరణం ఉండదని పండితులు చులకనగా చూసే రోజులలో ఆయన ఇటలీ భాషకు వ్యాకరణం రాశాడు. ఆ భాషకు అదే మొదటి వ్యాకరణం. 1441లో ఫ్లోరెన్సు మహామందిరంలో దేశభాషా కవితల పోటీ పెట్టించాడు. విషయం స్నేహం, బహుమతి వెండి కిరీటం. న్యాయనిర్ణేతలు ఎవరికీ ఇవ్వకుండా కిరీటాన్ని చర్చికే అప్పగించారు. అల్బెర్టి రాయడం మానలేదు.

కొలతలు, కట్టడాలు

1443లో ఆఫీసు మళ్లీ రోముకు చేరింది. ఆయన సెలవు వేళల్లో పాత శిథిలాలు కొలిచేవాడు. నగరం నడుమ ఉన్న ఎత్తైన కాపిటోల్ గుట్ట కేంద్రంగా తీసుకుని, ప్రతి కట్టడం ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నదో పట్టికగా రాశాడు. ఆ పట్టిక చేతిలో ఉంటే ఎవరైనా రోము పటం గీసుకోవచ్చు. గోపురం ఎత్తు, నది వెడల్పు, బావి లోతు తేలికగా కొలిచే పద్ధతులతో వేరే చిన్న పుస్తకం రాశాడు. నేమి సరస్సు అడుగున మునిగి ఉన్న రోమను నౌకలను పైకి తీయాలని జెనోవా నుంచి గజ ఈతగాళ్లను రప్పించి, ఖాళీ పీపాల మీద తేలే వంతెన కట్టి ప్రయత్నించాడు. ముక్కలే వచ్చాయి. ఆ నౌకలు బయటపడటానికి 1930 ప్రాంతంలో సరస్సు నీరు తోడించవలసి వచ్చింది. పాపం, 1944లో అవి కాలిపోయాయి.

భవన నిర్మాణం మీద పది భాగాల గ్రంథాన్ని 1452లో పోపు ఐదవ నికొలస్‌కు సమర్పించాడు. ఆయన పోయాక 1485లో అది అచ్చయింది. ఆ శాస్త్రంలో అచ్చయిన మొదటి పుస్తకం అదే. రిమినిలో పాత చర్చికి కొత్త రూపు, ఫ్లోరెన్సులో రుచెల్లాయి వర్తకుల భవనం ఈ కాలం నాటివి. ఆయన తాపీ పట్టిన మేస్త్రి కాదు. కొలతలు, నమూనా, సూచనలు పంపేవాడు. పని జరిగే చోట మరొకరు కట్టేవారు.

1464

ఆ సంవత్సరం కొత్త పోపు రెండవ పాల్ గద్దె ఎక్కాడు. అంతకుముందు పోపు డెబ్బై మందితో ఏర్పరచిన అబ్రివియేటర్ల కొలువును ఒక్క ఉత్తర్వుతో రద్దు చేశాడు. వారిలో సొమ్ము చెల్లించి పదవి పొందినవారు కూడా ఉన్నారు. ప్లాటినా అనే పండితుడు ఎదిరించి లేఖ రాసినందుకు నాలుగు నెలలు జైలులో ఉన్నాడు. అల్బెర్టికి అరవై ఏళ్లు. చర్చి ఆదాయం ఉన్నది కనుక తిండికి లోటు లేదు. మన పెన్షను వంటిదే అనుకోండి. కాని 32 ఏళ్లు రోజూ వెళ్లిన చోటికి ఇక వెళ్లనక్కరలేదు. ఆ మొదటి సోమవారం ఉదయం ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనవసరం లేదు.

తరువాత ఎనిమిదేళ్లు ఆయన ఏమి చేశాడో చూడండి. ఒకనాడు వాటికన్ తోటలో మిత్రుడు లియొనార్డో దాతితో నడుస్తుండగా కొత్తగా వచ్చిన అచ్చుయంత్రం ప్రస్తావన వచ్చింది. ముగ్గురు మనుషులు వంద రోజులలో రెండు వందలకు పైగా ప్రతులు తీస్తున్నారని ఇద్దరూ ఆశ్చర్యపడ్డారు. మాట అక్కడి నుంచి రహస్య లేఖల మీదికి మళ్లింది. ఫలితంగా 1466-67లో గుప్తలిపి మీద పుస్తకం తయారైంది. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కపెడితే మామూలు గుప్తలిపి గుట్టు బయటపడుతుందని గమనించి, దానికి విరుగుడుగా రెండు గుండ్రటి రాగి రేకులను ఒకదానిపై ఒకటి అమర్చాడు. చుట్టూ అక్షరాలున్న లోపలి రేకు తిరుగుతుంది. మధ్యమధ్య తిప్పుతూ రాస్తే ఒకే అక్షరానికి వేరు వేరు గుర్తులు వస్తాయి. తరువాతి కాలపు గుప్తలిపి శాస్త్రానికి అది పెద్ద మలుపు. ముప్పై ఏళ్లు ఉత్తర్వులు రాసిన చేతికే అటువంటి ఆలోచన తట్టడంలో వింత లేదు.

ఫ్లోరెన్సులో సాంతా మరియా నొవెల్లా చర్చి ముందు గోడ 1470లో పూర్తయింది. వంద ఏళ్ల నాడు ఎవరో సగం కట్టి వదిలిన గోడ అది. అల్బెర్టి పాత పనిని పడగొట్టలేదు. దానికి అతికే కొలతలతో పై భాగం కల్పించి, మొత్తం ఎత్తు, వెడల్పు సమానమయ్యేలా కుదిర్చాడు. అదే 1470లో, అరవై ఆరో ఏట, మాంటువా పాలకుడికి తానే ఉత్తరం రాశాడు. అక్కడి సాంత్ ఆంద్రెయా చర్చికి మరొకరు ఇచ్చిన నమూనా కన్నా తనది ఎక్కువ జనం పట్టేది, ఎక్కువ కాలం నిలిచేది, ఖర్చు తక్కువ అయ్యేది అని వివరించాడు. 1471లో రోముకు వచ్చిన యువకుడు లొరెంజో దె మేదిచికి శిథిలాలన్నీ దగ్గరుండి తిప్పి చూపించాడు. 1472 ఏప్రిల్‌లో రోములో కన్నుమూశాడు. మాంటువా చర్చికి పని మొదలైంది ఆ జూన్ నెలలో. ఈనాటికీ ఆ కట్టడం నిలిచి ఉన్నది. రద్దయిన కొలువును 1479లో మరో పోపు పునరుద్ధరించాడు.

మనకు ఏమిటి?

అల్బెర్టి అన్నీ వచ్చినవాడని లోకం మెచ్చుకుంటుంది. 1860లో బుర్క్‌హార్ట్ అనే చరిత్రకారుడు ఆయనను ఆ యుగపు సంపూర్ణ వ్యక్తికి నమూనాగా చూపిన తరువాత ఆ కీర్తి స్థిరపడింది. నాకు కనిపించేది మరొకటి. ఆస్తి పోతే నాటకం రాశాడు. జ్ఞాపకం పోతే గణితం నేర్చాడు. బదిలీ అయితే చిత్రకళ చూశాడు. ఉద్యోగం పోతే గుప్తలిపి, గుడి నమూనా చేపట్టాడు. ఆయన సర్వతోముఖ ప్రజ్ఞ పుట్టుకతో వచ్చిన వరం కాదు. ఒక్కొక్క తలుపు మూసుకున్నప్పుడల్లా తెరుచుకున్న మరొక తలుపు. రెక్కలున్న కన్ను ఆయన ముద్ర. దాని కింద తరువాత ఏమిటి అని అర్థం వచ్చే రెండు లాటిను పదాలు ఉండేవి.

అందరమూ గుడి గోడలు కట్టలేము. కాని ఈ వయసులో ఇవన్నీ ఎందుకని పిల్లలు ప్రేమతోనే అన్నప్పుడు, మనమూ తల ఊపి కుర్చీలో కూర్చోవడం అలవాటు చేసుకోకూడదు. హార్మోనియం కావచ్చు, పెరటి మొక్క కావచ్చు, పక్కింటి పిల్లవాడికి చెప్పే లెక్కలు కావచ్చు. మనవలకు మార్కులు ఎన్ని వచ్చాయని అడిగే బదులు ఏ పనిలో వాడి కళ్లు మెరుస్తున్నాయో కనిపెట్టి కొడుకూ కోడళ్లకు చెప్పడం కూడా మనకు తగిన ఉద్యోగమే.

చివరగా ఒక సంగతి. అల్బెర్టి తన వీలునామాలో బొలోనాలో ఒక ఇల్లు ఏర్పాటు చేయమన్నాడు. తన వంశంలో అక్కడికి చదువుకోవడానికి వచ్చే పిల్లలు ఉండటానికి. ఆయన డబ్బు లేక, మంచాన పడి, దాయాదుల చేత కాదనిపించుకున్నది ఆ ఊళ్లోనే.